ఆ రాత్రి మా లాయానికి వచ్చిన పెద్దాయనకు కృతజ్ఞతలు

మా పిల్లల గుర్రాల క్లబ్బు వార్షిక ప్రదర్శన నిన్న సాయంత్రం ముగిసింది. రెండు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు, చేతులు ఇంకా ఎండుగడ్డి వాసన వేస్తున్నాయి, అయినా ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

శుక్రవారం సాయంత్రం, ప్రదర్శనకు సరిగ్గా ఒక రోజు ముందు, మా పెద్ద ఆడగుర్రం ఉన్నట్టుండి కుంటడం మొదలుపెట్టి, కాసేపటికి ముందరి ఎడమ కాలు నేలకు మోపడమే మానేసింది. క్లబ్బులో 14 మంది పిల్లలు ఉన్నారు, గుర్రాలు రెండే. ఈ గుర్రం నెమ్మది గలది కావడం వల్ల కొత్తగా చేరిన పిల్లలందరూ దాని దగ్గరే మాలీసు చేయడం, భుజం వైపు నుంచి పలకరిస్తూ దగ్గరికి వెళ్ళడం, తాడును చేతికి చుట్టుకోకుండా పట్టుకుని నడిపించడం నేర్చుకున్నారు. ఆ సాయంత్రం దాని గిట్టలు శుభ్రం చేసింది మాత్రం పదకొండేళ్ళ అమ్మాయి. కాలు పైకెత్తినప్పుడు గుర్రం వెనక్కి లాక్కుందని, గిట్ట వేడిగా తగిలిందని ముందుగా చెప్పింది కూడా ఆమే.

నేను అత్యవసర పశువైద్య సేవల నంబర్లకు వరుసగా ఫోన్లు చేస్తూ కూర్చున్నాను. ఒకటి మోగి మోగి ఆగిపోయింది. రెండో చోట గుర్రం యజమాని పేరు తమ వద్ద ముందే నమోదై ఉండాలని, క్లబ్బు పేరు మీద చూడటం కుదరదని చెప్పారు. ఇలా మూడు గంటలు గడిచాక, ఎవరి ద్వారా విన్నారో గానీ, ఒక పెద్దాయన పాత తోలు సంచీ భుజాన వేసుకుని లాయం గుమ్మంలో నిలబడ్డారు. ఒకప్పుడు గుర్రాలకు లాడాలు కొట్టేవారట. తన పేరు ఎక్కడా రాయవద్దని కోరారు కనుక రాయడం లేదు.

ఆయన వస్తూనే గుర్రాన్ని ముట్టుకోలేదు. దాని ముందు కాసేపు ఊరికే నిలబడి, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో పిల్లలు చూశారా అని అడిగారు. పిల్లలు రోజూ రాసే రిజిస్టరు తెచ్చి చూపించారు. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాల్సిన గుండె ఆ సాయంత్రం 56 సార్లు కొట్టుకుంటోంది. టెటనస్ టీకా ఎప్పుడు వేయించారని తరువాత అడిగారు, ఎందుకంటే గిట్టలోని గాయం నుంచి ఆ జబ్బు గుర్రాలకు చాలా తేలిగ్గా సోకుతుంది. ఆ తేదీ కూడా అదే రిజిస్టరులో దొరికింది. ఏడాదిగా ఆ రిజిస్టరును నింపమని పిల్లల వెంటపడిన నాకు ఆ క్షణాన కలిగిన ధైర్యం చెప్పలేనిది.

అప్పుడు ఆయన, గోడకు ఆనుకుని నిలబడి ఉన్న ఆ పదకొండేళ్ళ అమ్మాయిని చూశారు. తాను గిట్ట గోకేటప్పుడు ఏదో గుచ్చడం వల్లే ఇలా జరిగిందని ఆ పిల్ల మూడు గంటలుగా లోలోపల కుమిలిపోతోంది. ఫోను చెవిన పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్న నాకు అది కనబడనే లేదు. ఆయన ఆమెను దగ్గరకు పిలిచి, ముందుగా బాగున్న కాలి మీద, గిట్టకు పైన వెనుకవైపున వేళ్ళు పెట్టించి నాడి వెతకమన్నారు. అది దొరకలేదు. తరువాత నొప్పి ఉన్న కాలి మీద పెట్టించారు. అక్కడ నాడి వేళ్ళను తన్నినట్టు కొట్టుకుంటోంది. "లోపల చీము పట్టింది తల్లీ. చీము ఒక్క పూటలో పట్టదు. ఎన్నడో గిట్ట అంచున చిన్న సందులోంచి మట్టి, క్రిములు లోపలికి చేరి ఉంటాయి. నువ్వు కాలు పట్టుకుని చూశావు కాబట్టే ఈ రాత్రి మనకు తెలిసింది" అన్నారు. ఆ పిల్ల ముఖంలో వచ్చిన మార్పును చూసి నేను గడ్డిమోపుల వెనక్కి వెళ్ళి ఏడ్చేశాను. నా బాధ్యతలో ఉన్న బిడ్డ దుఃఖాన్ని, ఆ బిడ్డ ఎవరో కూడా తెలియని మనిషి గుమ్మంలోంచే గుర్తించారు.

పట్టకారు లాంటి పనిముట్టుతో గిట్టను అంగుళం అంగుళం నొక్కి, గుర్రం ఉలిక్కిపడిన చోటును కనిపెట్టి, అక్కడ సన్నగా దారి తీయగానే నల్లటి చీము కారింది. గోరువెచ్చటి నీళ్ళలో ఎప్సం సాల్ట్ కలిపి కాలును నానబెట్టి, మందు పట్టీ వేసి, దాని మీద పసిపిల్లల డైపర్ చుట్టి వెడల్పాటి టేపుతో బిగించారు. కాలు బకెట్టులో ఉన్నంతసేపూ గుర్రం తల నేనే పట్టుకుని ఉన్నాను. "మీరు పొద్దుటి నుంచి కూర్చున్నట్టు లేరమ్మా, ఇక నేను చూసుకుంటాను" అని తాడు నా చేతిలోంచి తీసుకున్నారు. తెల్లవారుజాము వరకు ఆయన కదలలేదు. ఉదయం వచ్చిన పశువైద్యులు, పెద్దాయన చేసిన పని సరైనదేనని చెప్పి, గుర్రానికి కొన్ని రోజుల విశ్రాంతి అవసరమన్నారు.

ఒక్క గుర్రంతోనే ప్రదర్శన జరిగింది. వెళ్ళిపోతారనుకున్న పెద్దాయన తన సంచీలోని పాత లాడాలన్నీ ఒక బల్ల మీద పరిచి, ముందు కాలి లాడం గుండ్రంగానూ, వెనుక కాలిది కాస్త కొసదేలినట్టుగానూ ఎందుకుంటుందో ఆరుగురేసి పిల్లలకు వివరించి, కళ్ళు మూసుకుని తడిమి చెప్పమన్నారు. మిగిలినవారు ఛాతీ చుట్టుకొలత, శరీరం పొడవు సెంటీమీటర్లలో కొలిచి, చుట్టుకొలత వర్గాన్ని పొడవుతో గుణించి 11,880తో భాగించి గుర్రం బరువును కిలోల్లో అంచనా వేశారు. 1 నుంచి 9 వరకు ఉండే కొలమానంలో ఒంటి పుష్టికి మార్కులు వేసి, ఎందుకు అలా వేశారో అందరి ముందూ నిలబడి చెప్పారు.

మావారు, అత్తయ్యగారు, మా పిల్లలు ఎప్పటిలాగే అన్నీ చూసుకున్నారు. వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఒక్క బాధ మాత్రం దాచుకోలేను. ఆర్థిక సహాయం కోసం మేము నింపే దరఖాస్తుల్లో ఎంతమంది స్వారీ చేస్తారు, ఎన్ని పతకాలు వచ్చాయి అనే గళ్ళే తప్ప, జబ్బును కనిపెట్టిన పిల్లల గురించి రాయడానికి ఒక్క గడి కూడా లేదు. 1929లో బ్రిటన్‌లో మొదలైన పోనీ క్లబ్ అనే పిల్లల సంఘం కూడా స్వారీతో పాటు గుర్రం సంరక్షణ నేర్పడాన్ని తన పనిగా పెట్టుకుంది. సొంత గుర్రం లేని మా పిల్లలకు ఆ సంరక్షణే అసలు చదువు. దానికి లెక్క లేదంటే ఎలా? సంఘాలు పెంచే జంతువులకు రాత్రిపూట వైద్యం అందే ఏర్పాటు చేయమని కూడా చేతులెత్తి వేడుకుంటున్నాను.

మరిచాను, రాత్రి పదకొండు గంటలకు ఎప్సం సాల్ట్ తెచ్చి ఇచ్చిన కుర్రవాడికి, తమ పాప డైపర్లు మొత్తం ఇచ్చేసిన తల్లికి, మైదానంలో హెల్మెట్లు సరిచూసిన ఇద్దరు అక్కలకు, చీకటిపడ్డాక ఒంటరిగా పేడ ఎత్తిన మా రిజిస్టరు బాబుకు కూడా నా ధన్యవాదాలు. మైకు ఇచ్చినవారికి కూడా.

పెద్దాయన గారూ, మీ పట్టకారు మా లాయంలోనే ఉండిపోయింది. పిల్లలు తుడిచి, నూనె రాసి, గుడ్డలో చుట్టి ఉంచారు. గుర్రం ఈ ఉదయం ఎడమ కాలు మోపింది.