పద్దెనిమిది నిండాక, ముప్పై రాకముందు

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారములు.

నేను నర్సంపేట పరిసర గ్రామాల ప్రభుత్వ పాఠశాలల్లో పనిచేసి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. మొన్న వానాకాలంలో నా పాత విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. వయసు ఇరవై నాలుగు, ఎనుమాముల మార్కెట్లో హమాలీ పని. కళ్లు తిరిగి బస్తాతో సహా పడిపోతే తోటివాళ్లు దవాఖానకు తీసుకుపోయారట. నలిగిన ఓపీ చీటీ మీద బీపీ 160/100 అని రాసి ఉంది. "తాగుడు బంద్ వెట్టు అన్నరు టీచర్, నేనెన్నడూ తాగలే" అన్నాడు.

అతను ఏడో తరగతిలో ఉండగా, పత్తి దెబ్బతిన్న ఏడాది, తండ్రి పురుగుల మందు తాగి చనిపోయాడు. ఆ తరువాత పిల్లవాడు తరగతిలో తలుపు పక్కనే కూర్చునేవాడు. వీధిలో బండి ఆగిన చప్పుడైతే చాలు, అప్పులవాళ్లు వచ్చారేమోనని ఇంటికి పరుగెత్తేవాడు. నేను హాజరుపట్టీలో గైర్హాజరు వేసి ఊరుకున్నాను. ఇప్పటికీ ఆ సంగతి నా మనసును తొలుస్తూనే ఉంది.

అతని బీపీకి ఆ మరణమే కారణమని నేను అనను, ఒక్క మనిషి విషయంలో అలా తేల్చి చెప్పడం ఎవరి తరమూ కాదు. కానీ అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా బృందం 9,508 మందిని ప్రశ్నించి 1998లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, బాల్యంలో హింస, ఇంట్లో తాగుడు, ఆత్మహత్యాయత్నం వంటి కష్టాలు నాలుగు రకాలు లేదా అంతకుమించి చూసినవారికి పెద్దయ్యాక మద్యానికి బానిస కావడం, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం వంటి ముప్పులు 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరంలో 1972-73లో పుట్టిన పిల్లలను పెరిగి పెద్దయ్యేదాకా పరిశీలిస్తూ వచ్చిన పరిశోధకులకు, చిన్ననాడు కష్టాలు పడ్డవారిలో 32 ఏళ్లకే కుంగుబాటు, శరీరం లోపలి వాపును (ఇన్‌ఫ్లమేషన్) తెలిపే సూచికలు, గుండెజబ్బుకు దారితీసే లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. భయం వేసినప్పుడు శరీరం విడుదల చేసే కార్టిసాల్ అనే హార్మోన్ ఆపదలో రక్షణే, అయితే ఆ భయం నెలల తరబడి తగ్గకపోతే అదే నిద్రనూ రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది. అండగా ఒక్క పెద్దమనిషి నిలబడినా ఈ నష్టం తగ్గే అవకాశం ఉందన్నది ఇందులో ఆశ కలిగించే విషయం.

మన వ్యవస్థలో లోటు ఇక్కడే ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు 18 ఏళ్లు నిండేదాకానే పిల్లలను పరీక్షిస్తాయి. బీపీ, షుగర్ సర్వే 30 ఏళ్లు దాటినవారితో మొదలవుతుంది. నడుమ పన్నెండేళ్లు, అంటే బిడ్డలు కూలికి, గల్ఫ్‌కు, హైదరాబాద్‌కు పోయే వయసులో, కింద పడిపోతే తప్ప వారిని చూసేవారు లేరు.

అందుకే రెండు విన్నపాలు. పల్లె దవాఖానల్లో, బస్తీ దవాఖానల్లో 18 నుంచి 30 ఏళ్లవారికి కూడా బీపీ, షుగర్ పరీక్షలు చేయించి, నిద్ర, దిగులు గురించి నాలుగు మాటలు మర్యాదగా, చాటుగా అడిగే ఏర్పాటు చేయండి.

రెండోది నాకు మరింత ముఖ్యం. 2018లో మొదలైన రైతుబీమా కింద రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షల రూపాయలు వస్తున్నాయి, అది నిజంగా పెద్ద ఆసరా. నా విద్యార్థి తండ్రి పోయిన నాటికి అదీ లేదు. ఆ దరఖాస్తులో పిల్లల వివరాలు కూడా చేర్చి, అవి వెంటనే ఆ ఊరి ఆశా కార్యకర్తకూ, బడి ప్రధానోపాధ్యాయుడికీ చేరేలా ఉత్తర్వులివ్వండి. మనసు బాగోలేనివారి కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 ఉందన్నది నిజమే, కానీ తండ్రి పోయిన ఏడో తరగతి పిల్లవాడు తనంత తానుగా ఫోన్ చేయడు. ఎవరో ఒకరు ఆ ఇంటి గడప తొక్కి, బిడ్డ అన్నం తింటున్నాడా, రాత్రిపూట ఉలిక్కిపడి లేస్తున్నాడా అని తల్లిని అడగాలి. నెలకోసారి, కనీసం ఒక ఏడాది పాటు.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
నర్సంపేట, వరంగల్ జిల్లా