శిక్షణ విమానం వార్త సగంలో ఆపేయకండి

సంపాదకులకు నమస్కారం.

శిక్షణ విమానం టేకాఫ్‌లో అదుపు తప్పితే ఆ సాయంత్రానికే 'సాంకేతిక లోపం' అని రాసేస్తారు. అది ఎవరు తేల్చారో, ఎలా తేల్చారో ఉండదు. బేగంపేటలో, నాదర్‌గుల్‌లో ఏళ్ల తరబడి పిల్లలకు ఫ్లయింగ్ నేర్పినవాణ్ణి. ఆ మాట చదివినప్పుడల్లా బాధేస్తుంది.

సెస్నా 152, 172 లాంటి చిన్న విమానాల్లో ఫుల్ పవర్ ఇవ్వగానే ముక్కు ఎడమకు లాగుతుంది. అది లోపం కాదు. ప్రొపెల్లర్ వెనక్కి చిమ్మే గాలి సుడి తిరుగుతూ వెళ్లి తోకను ఎడమవైపు నుంచి నెడుతుంది. కుడి కాలితో రడ్డర్ (తోక మీది చుక్కాని) పెడల్ నొక్కి సరిచేసుకోవాలి. కొత్తవాళ్లు కారు అలవాటుతో చేతిలోని కంట్రోల్‌ని కుడికి తిప్పుతారు. నేల మీద దానితో విమానం మళ్లదు. రన్‌వే అంచు దగ్గరపడే కొద్దీ టెన్షన్. వేగం చాలకముందే ముక్కు పైకి లాగేస్తారు. 172ని సుమారు 55 నాట్ల వేగం (గంటకు దాదాపు 100 కిలోమీటర్లు) దగ్గర లేపాలి. తొందరపడి లేపితే నేలకు దగ్గరగా ఉన్నంతసేపు తేలుతుంది, కాస్త పైకి వెళ్లగానే స్టాల్ అయి, అంటే రెక్కలకు మోసే బలం చాలక, ఓ రెక్క వాలిపోతుంది. తేరుకోవడానికి ఎత్తు ఉండదు.

ఇక సీటు సంగతి. ఈ విమానాల్లో సీటు పట్టాల మీద జరుగుతుంది, కింద ఓ పిన్ను రంధ్రంలో పడి దాన్ని ఆపుతుంది. రంధ్రాలు అరిగితే పిన్ను సరిగా కూర్చోదు. టేకాఫ్ ఊపుకి సీటు వెనక్కి జారితే కాళ్లు పెడల్స్‌కి అందవు, చేతిలోని కంట్రోల్ మనిషితోపాటు వెనక్కొచ్చి ముక్కు పైకి లేస్తుంది. ఈ పట్టాలను తనిఖీ చేయాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 1987లోనే ఆదేశించింది. 'టక్'మన్న చప్పుడు నమ్మొద్దు, ముందుకీ వెనక్కీ గట్టిగా ఊపి చూడండి అని ప్రతి విద్యార్థికీ చెప్పేవాణ్ణి.

2020 జూన్ 8న ఒడిశాలోని ఢెంకనాల్ జిల్లాలో ఓ శిక్షణ విమానం టేకాఫ్ అయిన కాసేపటికే కూలి ఇన్‌స్ట్రక్టరూ, ట్రైనీ ఇద్దరూ పోయారు. ఆ వార్త చదివాను. దర్యాప్తులో ఏం తేలిందన్నది మాత్రం ఏ తెలుగు పత్రికలోనూ నా కంటపడలేదు. మన దేశంలో ఇలాంటి ప్రమాదాల మీద దర్యాప్తుకి 2012 నుంచి ఏఏఐబీ (విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో) అనే ప్రత్యేక సంస్థ ఉంది. దాని నివేదికలు అందరికీ అందుబాటులోనే ఉంటాయి, కాకపోతే ఇంగ్లీషులో, ఇంజినీర్ల భాషలో. పొలం అమ్మి పిల్లల్ని ఫ్లయింగ్ స్కూల్లో చేర్చిన తల్లిదండ్రులు అవి వెతుక్కుని ఎక్కడ చదువుతారు? సీటు పట్టాలు ఎప్పుడు తనిఖీ చేశారని స్కూల్లో అడగాలని వాళ్లకెలా తెలుస్తుంది?

ప్రమాదం వార్తకి ఎంత చోటిచ్చారో, నివేదిక వచ్చిన రోజున దానికీ అంత చోటివ్వండి. తెలుగులో విడమరిచి రాయడానికి నాలాంటి రిటైరైనవాళ్లం ఉన్నాం. కబురు పెడితే పైసా తీసుకోకుండా రాసిస్తాం.

- ఒక విశ్రాంత ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్, సికింద్రాబాద్