చీటీ లేకుండా క్లోమిఫిన్ అమ్మకాలు

విజయనగరం జిల్లాలో సంతానం కోసం వాడే క్లోమిఫిన్ మాత్రలను కొన్ని మందుల షాపుల్లో డాక్టరు చీటీ లేకుండానే ఇచ్చేస్తున్నారు. పాత స్ట్రిప్పు చూపిస్తే చాలు, కొత్తది చేతిలో పెడతారు. ఇదేమీ బలం మాత్ర కాదు. మెదడులోని హైపోథాలమస్‌కు ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ సంకేతం అందకుండా అడ్డుపడుతుంది. ఈస్ట్రోజెన్ తగ్గిపోయిందనుకుని మెదడు పిట్యూటరీ గ్రంథి చేత అండాశయాన్ని పనిచేయించే హార్మోన్లైన ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ ఎక్కువగా విడుదల చేయిస్తుంది, దాంతో అండం ఎదుగుతుంది. మామూలుగా బహిష్టు మొదలైన 2 నుంచి 5వ రోజు లోపు ప్రారంభించి, రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున 5 రోజులు వాడతారు. నెల తప్పలేదని తమంతట తామే మోతాదు పెంచుకుంటే గర్భాశయం లోపలి పొర పలచబడి అసలుకే మోసం రావచ్చు. అండాశయంలో నీటితిత్తుల బెడద సరేసరి. చూపు మసకబారితే వెంటనే ఆపి డాక్టరును కలవాలని కౌంటరు దగ్గర చెప్పేవారేరీ? భర్తకు వీర్యపరీక్ష కూడా చేయించకుండా భార్య చేత నెలల తరబడి మింగించే ఇళ్లూ ఉన్నాయి, ఆ తప్పు మాత్రది కాదు. ఔషధ తనిఖీ అధికారులు ఈ మందు బిల్లులను చీటీలతో సరిపోల్చాలి. రాజాం, చీపురుపల్లి ప్రభుత్వాసుపత్రుల్లో అండం ఎదుగుదల చూసే స్కానింగు రోజు విడిచి రోజు అందేలా చూడాలి. కూలి పోగొట్టుకుని విజయనగరం దాకా వచ్చినవారు రెండో స్కానుకు రారు.