కల్తీ కల్లు బాధితులది ‘వింత ప్రవర్తన’ కాదు

సంపాదకులకు,

కల్లు దుకాణాల మీద ఎక్సైజ్ దాడులు జరిగిన రెండు మూడు రోజులకు పత్రికల్లో ఒక వార్త వస్తుంటుంది: కల్లు దొరక్క జనం వింతగా ప్రవర్తిస్తున్నారని. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో బాధితులు ఆసుపత్రులకు వరస కట్టినప్పుడూ ఇదే మాట చదివాం. అది వింత కాదు, పిచ్చి అంతకన్నా కాదు. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడ్డవారికి అది ఆగగానే, మెదడులో ‘గాబా’ అనే రసాయనం పట్టు తప్పడం వల్ల వచ్చే జబ్బు. చూడాల్సినట్టు చూడకపోతే ప్రాణం తీస్తుంది.

మెదడులో గ్లుటమేట్ అనే రసాయనం నాడీకణాలను ఉరికిస్తుంది, గాబా పగ్గం లాగుతుంది. గాబా తయారయ్యేది ఆ గ్లుటమేట్ నుంచే, బి6 విటమిన్ సాయంతో. (టీబీ మందు ఐసోనియాజిడ్ మోతాదు బాగా మించితే ఫిట్స్ వచ్చేదీ బి6 పని చెడటం వల్లే, విరుగుడూ బి6 ఇంజెక్షనే.) గాబా తన రిసెప్టర్‌కు (కణం మీద అది అతుక్కునే చోటు) అతుక్కోగానే ఒక తలుపు తెరుచుకుని క్లోరైడ్ కణంలోకి వస్తుంది, కణం నెమ్మదిస్తుంది. కల్లులో కలిపే మత్తుమందు ఆల్ప్రజోలం ఆ తలుపును తనంతట తాను తెరవలేదు. గాబా తెరిచే తలుపే మరిన్నిసార్లు తెరుచుకునేట్టు చేస్తుంది. కల్లులో కలిపే మరో మత్తుమందు క్లోరల్ హైడ్రేట్, కల్లులోని ఆల్కహాలు కూడా ఇక్కడే పనిచేస్తాయి. మూడూ ఒకే సీసాలో పడితే ఊపిరి ఆగే ప్రమాదం అందుకే.

మోతాదు సంగతి చూడండి. డాక్టరు రాసే ఆల్ప్రజోలం మాత్ర సాధారణంగా 0.25 లేదా 0.5 మిల్లీగ్రాములు. గ్రాము పొడి అంటే 0.5 మిల్లీగ్రాముల మాత్రలు రెండు వేలు. మాదకద్రవ్యాల చట్టం వాణిజ్య పరిమాణంగా లెక్కించే 100 గ్రాములు ఒక చిన్న పొట్లం, అందులో రెండు లక్షల మాత్రల మందు ఉంటుంది. దాన్ని డ్రమ్ములో వేసి కర్రతో తిప్పితే ఏ సీసాలోకి ఎంత పోయిందో కలిపినవాడికే తెలియదు.

నెలల తరబడి రోజూ ఇది పడితే మెదడు ఊరుకోదు. గాబా రిసెప్టర్లు మొద్దుబారతాయి, గ్లుటమేట్ వైపు బలం పెరుగుతుంది. అప్పుడు కల్లు ఒక్కసారిగా ఆగితే పగ్గం తెగిన బండే. ఆల్ప్రజోలం రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు 11 గంటలు చాలు కాబట్టి, మర్నాటికే చేతుల వణుకు, చెమటలు, గుండెదడ, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి మూడు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టలేకపోవడం కూడా ఉంటాయి. వార్తల్లో ‘వింత’ అంటున్నది దీన్నే.

చికిత్సలో ఎక్కువగా జరిగే పొరపాటు, అరుస్తున్నాడని మానసిక జబ్బుల మందు హాలోపెరిడాల్ ఒక్కటే ఇచ్చి పడుకోబెట్టడం. అది గాబాను ముట్టదు, పైగా ఫిట్స్ వచ్చే అవకాశం పెంచుతుంది. మెడ, నాలుక వంకర పోవడం ఆ ఇంజెక్షన్ వల్లా రావచ్చు, దాన్నీ కల్లు ఖాతాలోనే రాసేస్తారు. ఈ ఫిట్స్‌కు మూర్ఛ మందు ఫెనిటాయిన్ మీద ఆధారపడటమూ దండగే. మత్తు విరగాలని ఆల్ప్రజోలానికి విరుగుడైన ఫ్లుమజెనిల్ ఇవ్వడం అన్నిటికన్నా ప్రమాదం: అలవాటుపడ్డ మెదడులో అది ఫిట్స్ తెప్పిస్తుంది.

ఇవ్వాల్సింది ఆల్ప్రజోలం కుటుంబానికే చెందిన, ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డయజిపామ్. 0.5 మిల్లీగ్రాముల ఆల్ప్రజోలానికి సుమారు 10 మిల్లీగ్రాముల డయజిపామ్ సమానం. కానీ సీసాలో ఎంత ఉందో తెలియనప్పుడు, ఎన్ని సీసాలు తాగేవాడని అడిగి లెక్క కట్టి లాభం లేదు. 10 మిల్లీగ్రాములు ఇచ్చి, గంటా రెండు గంటలకు నాడి, వణుకు, చెమట, శ్వాస చూసి, అవసరమైతే మళ్ళీ ఇవ్వాలి. తొలిరోజు మనిషి కుదురుకోవడానికి పట్టిన మొత్తమే రోజువారీ మోతాదుకు మొదలు. అక్కడి నుంచి వారానికో రెండు వారాలకో పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా తగ్గించుకుంటూ రావాలి. చివర్లో ఇంకా నిదానం. కాలేయం చెడినవారికి డయజిపామ్ బదులు అదే కుటుంబంలోని లోరజిపామ్. గ్లూకోజ్ ఎక్కించేముందు థయమిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్ మరవకూడదు. ఇదంతా డాక్టరు కళ్ళముందు జరగాలి. మెడికల్ షాపులో మాత్రలు కొని ఇంట్లో మొదలుపెడితే ఒక అలవాటు పోయి అదే ఇంకో రూపంలో వస్తుంది.

ఆన్‌లైన్‌లో ‘గాబా’ పేరుతోనే అమ్మే గోళీలు దీనికి పనికిరావు. మింగిన గాబా రక్తంలోంచి మెదడులోకి చేరేది చాలా తక్కువ.

ఇంట్లో ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కు ఫోన్ చేయాలి. చేతిలో తాళంచెవులు, నోట్లో చెంచా పెట్టొద్దు. కాస్త కల్లు పడితే సర్దుకుంటాడని స్పృహ సరిగా లేని మనిషి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఎక్సైజ్ వారు దాడులు ఆపాలని మేం అనడం లేదు. దాడికి వెళ్ళే ముందే జిల్లా వైద్యాధికారికి చెవిన వేయాలి. ఆ మండలం పీహెచ్‌సీలో డయజిపామ్ మాత్రలు, థయమిన్, ఆక్సిజన్ సిద్ధంగా ఉండాలి. ఫిట్స్ ఆపడానికి డయజిపామ్‌ను కండకు పొడిస్తే సరిగా ఎక్కదు, నరానికి నిదానంగా ఇవ్వాలి. కొట్టుకుంటున్న మనిషికి నరం దొరకడమే కష్టం. లోరజిపామ్‌కు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి, టీకాల ఫ్రిజ్‌లో వేరే మందులు పెట్టనివ్వరు. అందుకని పీహెచ్‌సీలకు పంపాల్సింది అదే కుటుంబంలోని మిడజోలం. దానికి ఫ్రిజ్ అక్కర్లేదు, 40 కిలోలు దాటిన మనిషికి 10 మిల్లీగ్రాములు తొడ కండకు ఇవ్వొచ్చు.

ఇట్లు,
మానసిక వైద్య విభాగంలో పనిచేసే కొందరు వైద్యులు,
తెలంగాణ