ఖాళీ మాగాణి గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, నాలుగెకరాల మాగాణి ఉంది. మీ పేపర్లో ఏటా జులై, ఆగస్టు వచ్చేసరికి వరిలో కలుపుకి ఏ మందు కొట్టాలి, ఎన్ని రోజులకి కొట్టాలి అని రాస్తారు, మంచిదే, కానీ అప్పటికే ఊద, అదే వరిలాగే కనపడే గడ్డి కలుపు, మొలిచి కూర్చుంటది కదండీ. ఆ గింజ రాలింది పోయిన సార్వా (వానాకాలం వరి) కోతలప్పుడు, ఆ తర్వాత మినుములో లేచిన ఊద ఇంకాస్త రాల్చుద్ది, అది బతుకుద్దా చస్తదా అనేది తేలేది మార్చి నుంచి జూన్ దాకా చేను ఖాళీగా పడి ఉన్నప్పుడు, ఆ రోజుల గురించి మాత్రం ఎవరూ రాయరు.

రెండేళ్ళ కింద మినుము పీకిన వెంటనే రెండెకరాలకి ట్రాక్టర్‌తో రోటవేటర్ తోలించి దున్నించా, మిగతా రెండెకరాలకి ట్రాక్టర్ దొరక్క అలాగే వదిలేశా. ఏప్రిల్లో ఒకరోజు పొద్దున్నే వెళ్తే వదిలేసిన చేలో గట్టు వారన చీమల బొరియ, దాని చుట్టూ అరచేయంత మేర ఊద పొట్టు, లోపలికి పోయే చీమల్లో చాలావాటి నోట్లో ఒక్కో గింజ. కాసేపు అక్కడే కూర్చుని చూశా. గువ్వలు కూడా దిగి ఏరుకుంటున్నాయి. ఆ సార్వాకి రెండు చెక్కలకీ ఒకే బోదె నీళ్ళు, ఒకే నారు, బీపీటీ 5204 రకం వరి, అయినా వదిలేసిన చెక్కలో కలుపు ఒక్క పూటలో అయిపోయింది, రోటవేటర్ తోలిన చెక్కకి రెండు రోజులు పట్టింది, మళ్ళీ పైన మందు ఖర్చు.

గింజ నేల మీదుంటే చీమ, పిట్ట, ఎలుక తింటాయి. దున్ని లోపల కప్పేస్తే మనమే దాచిపెట్టినట్టు, లోతులో పడ్డ ఊద మొలవకుండా అలాగే ఉండి ఏదో ఒక సంవత్సరం దుక్కిలో పైకొచ్చి లేస్తది. వేసవి దుక్కి వద్దని కాదండీ, తుంగ ఉన్న చేనుకి కావాల్సిందే, గడ్డలు పైకి తేలి ఎండకి చస్తాయి, కానీ ఊద ఎక్కువున్న చేనుకి అంత తొందర ఎందుకు? గడ్డి తగలబెట్టడం మాత్రం అసలొద్దు, నెర్రెల్లో పడ్డ గింజ కాలదు, పశువులకి మేత మాత్రం పోద్ది.

ఇక తొలకరికి పైపైన ఒక సాలు దున్ని 10, 15 రోజులు ఆగితే ఊద పచ్చగా లేస్తది, అప్పుడు దమ్ములో, అంటే నీళ్ళు పెట్టి బురదగా దున్నేటప్పుడు, తొక్కేయొచ్చు. ఇప్పుడు చాలామంది నాట్లు వేయకుండా వరి గింజలే వెదజల్లుతున్నారు, మొదట్లో నీళ్ళు నిలబెట్టే వీలుండదు, వరీ ఊదా కలిసే మొలుస్తాయి, వాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. కానీ ఆ పదిహేను రోజులు ఆగాలంటే ప్రకాశం బ్యారేజీ నుంచి కాలవకి నీళ్ళు ఎప్పుడొదులుతారో ముందే తెలియాలి, తెలియకే అందరం దమ్ముకి ఎగబడుతున్నాం. ఇరిగేషన్ వాళ్ళు ఆ తేదీ మే నెలలోనే చెప్పాలి.

మీరు కూడా గుంటూరు దగ్గర లాం ఫారంలో (వ్యవసాయ పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలని అడిగి ఏ కలుపుకి దున్నాలో, ఏ కలుపుకి ఆగాలో వివరంగా వేయండి, అదీ మార్చి మొదటి వారంలో, మినుము పీకకముందే.

ఇట్లు,
ఒక రైతు, గుంటూరు జిల్లా