ఎన్‌సీసీ చేరిక తేదీ పిల్లలకు ముందే చెప్పండి సార్

ఎన్‌సీసీ డిప్యూటీ డైరెక్టర్ జనరల్ గారికి,

నమస్కారం. మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. ఆర్మీ ఆఫీసర్ కావాలని పట్టుదల. తెల్ల కాన్వాస్ బూట్లు కొనుక్కుని, సుద్దపొడి పూసి ఆరబెట్టుకుని మరీ ఎన్‌సీసీ సెలక్షన్‌కని కాలేజీ గ్రౌండ్‌కి వెళ్లింది. "ఫస్టియర్ వాళ్లనే తీసుకుంటాం, నిరుడే రావాల్సింది" అని వెనక్కి పంపేశారు. నిరుడు సెలక్షన్ ఎప్పుడు జరిగిందో క్లాసులో ఒక్కరికీ తెలియదు. నోటీసు స్టాఫ్ రూములోనే ఉండిపోయిందట!

ఆ ఒక్క ఏడాది ఎంత ఖరీదో మీకు చెప్పాలా? ఎన్‌సీసీలో రెండేళ్లకు బి సర్టిఫికెట్, మూడో ఏడు సి సర్టిఫికెట్. రెండో ఏడు చేరితే మూడేళ్ల డిగ్రీలో సి అందదు. సి సర్టిఫికెట్లో కనీసం బి గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు, 19 నుంచి 25 లోపు వయసు ఉంటే సైన్యంలో ఆఫీసర్ల ఎంపికకు పెట్టే సీడీఎస్ రాతపరీక్ష లేకుండానే ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూకి పిలిచే స్పెషల్ ఎంట్రీ ఉంది. మా అమ్మాయికి ఆ దారి మూసుకుపోయింది. ఇక సీడీఎస్ రాసుకోవాలి. రాస్తుందిలెండి, మొండిది.

అడిగేది చిన్నదే. అడ్మిషన్ ఫారంతో పాటే ఎన్‌సీసీ అర్హతలు, సెలక్షన్ తేదీ తెలుగులో ఒక కాగితం మీద ఇవ్వమని కాలేజీలకు ఆదేశించండి. యూనిట్ లేని కాలేజీలకు సొంత ఖర్చుతో పెట్టుకునే పథకం ఉందనీ గుర్తు చేయండి.

ఇట్లు,
ఒక క్యాడెట్ కాలేకపోయిన అమ్మాయి తండ్రి