ఆ కిటికీ సంగతి

తెనాలి, 2025 నవంబరు 23

చిరంజీవి సుధకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. బుజ్జమ్మ మోకాలి నొప్పి తగ్గింది. మేడ మీద గదికి సున్నం వేయించాను. నీ దగ్గర నుంచి 19 రోజులుగా కబురు లేదు. ఆగస్టు నుంచి మీ రష్యాలో వాట్సాప్ కాల్స్‌ను కట్టడి చేశారని, మొబైల్ ఇంటర్నెట్ కూడా ఉన్నట్టుండి ఆపేస్తున్నారని మీ అమ్మకు చెబుతూనే ఉన్నాను. అయినా ఆమె రెండు పూటలా ఫోను పక్కన పెట్టుకునే భోంచేస్తోంది. ఈ ఉత్తరాన్ని, ఆవకాయను, కందిపొడిని, రెండు జతల ఉన్ని మేజోళ్లను సెలవులకు వచ్చిన మెడిసిన్ కుర్రాడి చేత పంపుతున్నాను. ఇవి పోస్టులో రాయదగిన సంగతులు కావు.

వేసవిలో నీవు పంపిన నీ డాక్యుమెంటరీ 20 నిమిషాల రఫ్ కట్, అదే తొలి కూర్పు, మళ్లీ చూశాను. ఆ పెద్దావిడ వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో సైన్యానికి వెళ్లిన మనవడి గురించి మెల్లగా చెప్పడం, మాట పూర్తికాగానే కుళాయి కట్టేసి మామూలు గొంతుతో నిన్ను టీ తాగమనడం చూస్తే, 30 ఏళ్లు కెమెరా పట్టిన నాకు అలాంటి ముక్క ఒక్కటీ దొరకలేదనిపించింది. మా చిన్నతనంలో సోవియట్ భూమి పత్రిక నున్నటి కాగితాలతో పుస్తకాలకు అట్టలు వేసుకున్నాం గాని, ఆ బొమ్మల్లోని నవ్వు ముఖాల వాళ్లు వంటిళ్లలో ఏం మాట్లాడుకుంటారో ఒక్క పుటలోనూ చదవలేదు. మాస్కోలో రజ్బెజ్కినా గారి డాక్యుమెంటరీ సినిమా బడిలో ట్రైపాడ్, నేపథ్య సంగీతం, వ్యాఖ్యానం వద్దంటారని నీవు చెప్పినప్పుడు చాదస్తమనుకున్నాను. ఆ కుళాయి చప్పుడు విన్నాక వారి పట్టుదల అర్థమైంది.

అయితే, ఆ పెద్దావిడ వెనుక కిటికీలోంచి ఎదుటి భవనం మీద అంకె, కింద మందుల షాపు బోర్డు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇల్లు పోల్చుకోవడానికి అవి చాలు. 2022 మార్చిలో అక్కడ వచ్చిన చట్టం కింద, సైన్యం గురించి అబద్ధం ప్రచారం చేశారని తేలిస్తే 15 ఏళ్ల వరకు జైలు వేయవచ్చు. ఏది అబద్ధమో తేల్చేది నీవు కాదు, ఆమె కాదు.

కెమెరాలతో తిరుగుతున్న మన దేశపు పిల్లలిద్దరిని అక్కడి మెట్రోలో ఆపి హార్డ్ డిస్కులు తీసుకున్నారని విజయ పిన్నికి ఎవరో చెప్పారట. పిన్ని మాటల్లో సగం కొట్టివేయాలని నాకూ తెలుసు. ఆ ఇద్దరిలో నీవున్నావో లేదో ఒక్క వాక్యంలో తెలియజేయి.

1990 మే తుపాను సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఒక పత్రికవారు ఫొటోలు కావాలంటే కృష్ణ మామయ్య స్కూటరు మీద రేపల్లె దాటి వెళ్లాను. కూలిన ఇంటి ముందు ఒక ముసలామె తడిసిన బియ్యాన్ని చాప మీద ఆరబోసి, గింజల్లో చేరిన ఇసుకను వేళ్లతో వేరు చేస్తోంది. వద్దనలేదు కనుక నాలుగు ఫొటోలు తీశాను, పేరు అడగలేదు. పత్రికవారు ‘గుప్పెడు మెతుకుల కోసం’ అని శీర్షిక పెట్టి వేశారు. నెల తర్వాత ఆమె కొడుకు ఆ ముక్కను జేబులో మడిచి పెట్టుకుని స్టూడియోకు వచ్చాడు. కేకలు వేయలేదు. “ఆ బియ్యం మా చేలో పండినవి. మా అమ్మ ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. ఊళ్లో తలెత్తుకోలేక చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది” అన్నాడు. శీర్షిక నేను రాయలేదన్నాను. “ఫొటో మీరే తీశారు గదా” అన్నాడు. నెగటివ్ ఇచ్చేస్తే తీసుకున్నాడు గాని, ఎంత చెప్పినా కూర్చోలేదు.

రష్యాలోని కరబాష్ ఊరి బడిలో వీడియోలు తీసిన పావెల్ తలాంకిన్ 2024లో దేశం విడిచాడని, ఆయన చిత్రాన్ని 2025 జనవరిలో అమెరికాలోని సండాన్స్ చిత్రోత్సవంలో చూపించారని నీవే చెప్పావు. విటాలీ మాన్‌స్కీ 2007లో మాస్కోలో మొదలుపెట్టిన డాక్యుమెంటరీల ఉత్సవం ఆర్ట్‌డాక్‌ఫెస్ట్ కూడా లాత్వియాలోని రీగాకు చేరింది. తీసినవారు దాటి రాగలరేమో గాని, తెర మీద కనిపించిన వారందరికీ ఆ దారి దొరకదు. విమానం ఎక్కితే నీకు తెనాలి ఉంది, ఆమెకు ఆ వంటిల్లే ఉంది.

సినిమా మానమనడం లేదు, పూర్తి చేయి. ఆ షాటును కోసి చిన్నది చేయి, లేదా కిటికీని మసక చేయి. ఎక్కడికైనా పంపేముందు మొత్తం ఆమెకు చూపించి, ఇప్పుడూ సమ్మతమేనా అని మళ్లీ అడుగు. కాదంటే కుళాయి ముక్క ఎంత గొప్పదైనా తీసేయి. ఆమె పేరు, చిరునామా నీ ఫోనులో ఉంచకు. రాత్రిళ్లు ఒంటరిగా కెమెరా మెడలో వేసుకుని తిరగకు.

ఆవకాయ సీసాకు నూనె కారకుండా రెండు కవర్లు కట్టాం, నిలువుగా పట్టుకుని విప్పు. మేజోళ్లు దాచుకోక వేసుకో. ఆ కుర్రాడు చేరగానే మీ అమ్మకు మెసేజీ పెడతానన్నాడు. అతని పక్కన నిలబడి ఒక ఫొటో దిగి పంపు.

మీ నాన్న